నారాయణవనం మీదుగా వడపళని

సినిమా తీసిన చోటు చూసి రావాలనే కోరిక భక్తికి దగ్గర చుట్టమే. ఇంట్లో కూర్చుని చూసింది చాలదనిపించి మనిషి బస్సెక్కుతాడు. అక్కడికి చేరాక చేసేది కూడా ఒకటే: ఒక బండనో మెట్టునో చూసి ‘ఇదిగో, ఇక్కడే’ అనుకోవడం. ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్‌కి ‘ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ కోసం ఇప్పటికీ జనం పోతారు. 1965లో వచ్చిన ఆ సినిమా చివర్లో ఒక కుటుంబం హిట్లర్ మనుషుల నుంచి తప్పించుకుని కొండ దాటి స్విట్జర్లాండ్ దారి పడుతుంది. సాల్జ్‌బర్గ్ పక్కనున్న ఆ కొండ నిజంగా దాటితే తేలేది జర్మనీలో! అయినా టికెట్ డబ్బులు వెనక్కిమ్మని ఎవరూ అడిగినట్టు లేదు. అంత దూరం ఎందుకు, బెంగళూరు దాటితే రామనగర ఉంది. ‘షోలే’ కోసం ఆ గుట్టల నడుమ ఒక ఊరే కట్టి, పనయ్యాక తీసేశారు. ఇప్పుడు మిగిలింది బండలే. జనం వెళ్ళి ఆ బండలే చూసి, గబ్బర్ సింగ్ ఏ బండ మీద నిలబడ్డాడో వాదించుకుని, టీ తాగి వస్తారు.

తిరుపతి వాణ్ణి, నాకూ ఈ సరదా పట్టింది. మొదట తలకోన, హార్స్‌లీ కొండలు గుర్తొచ్చాయి. ఆ జలపాతం కింద తడిసిన హీరోయిన్లూ, ఆ నీలగిరి చెట్ల మధ్య పరిగెత్తిన హీరోలూ తక్కువేం కాదు. కానీ పాట కోసం వచ్చి, పాటవగానే పెట్టే బేడా సర్దుకుపోయే యూనిట్లతో నాకు తృప్తి లేదు. ఈ నేలని పేరు పెట్టి పిలిచిన సినిమా కావాలి. అట్లా వెతికితే 1960 జనవరి 9న విడుదలైన ‘శ్రీ వెంకటేశ్వర మహత్యం’ దగ్గర ఆగాను. అందులో కథ నడిచే ఊళ్ళు మావి, కొండ మాది, పెళ్ళివారు మావాళ్ళు.

చిక్కల్లా ఏమిటంటే, కథ ఇక్కడిదే గాని తీసింది ఇక్కడ కాదు. ఆకాశరాజు మేడ, పద్మావతి పూలతోట, పెళ్ళిపందిరి, ఆనందనిలయం అన్నీ మద్రాసు స్టూడియోల్లో చెక్కా గుడ్డా సున్నంతో లేచి, షూటింగ్ కాగానే పడిపోయినవే. ఆ రోజుల్లో అదే పద్ధతి. కెమెరాలు బరువైనవి, ఆర్క్ లైట్లకి కావలసిన కరెంటు పల్లెల్లో దొరికేది కాదు, మాటలు అక్కడికక్కడే రికార్డు కావాలంటే కాకి కూడా అరవని చోటు ఉండాలి. పైగా తిరుమల గర్భాలయంలోకి కెమెరా పోయే మాటే లేదు. కాబట్టి ఈ సినిమా చోట్లు చూడాలంటే ప్రయాణం రెండు ముక్కలుగా చేయాలి, కథ జరిగిందని చెప్పే చోట మొదలెట్టి, కథ తీసిన చోట ముగించాలి. మధ్యలో దూరం సుమారు 140 కిలోమీటర్లు. నా అదృష్టం, ఆ దారిన ఆర్టీసీ బస్సు పోతుంది, అదీ సరిగ్గా పెళ్ళికూతురి పుట్టింటి పక్కగా.

బయలుదేరే ముందు సినిమా గురించి కొంచెం చెప్పుకోవాలి. తీసిన పి. పుల్లయ్యది నెల్లూరు. ఈ కథ ఆయనకి కొత్త కాదు. 1939లోనే ‘బాలాజీ’ పేరుతో ఒకసారి తీశాడు. అందులో సి.ఎస్.ఆర్. ఆంజనేయులు స్వామి, శాంతకుమారి పద్మావతి. ఈ శాంతకుమారి ప్రొద్దుటూరు వైపు మనిషి, మన సీమ ఆడబిడ్డ, పుల్లయ్య భార్య. ఇరవై ఏళ్ళు దాటాక అదే కథ మళ్ళీ తీస్తే పద్మావతి సావిత్రి అయింది, లక్ష్మి ఎస్. వరలక్ష్మి అయింది, శాంతకుమారి వకుళమాత అయింది. ఒకప్పుడు పెళ్ళిపీట మీద కూర్చున్న ఆవిడే, అదే పెళ్ళికి పెళ్ళికొడుకు తల్లిగా సంబంధం అడగడానికి పోయింది. ఏ నటికైనా వయసు మీద పడిందని ఇంత మర్యాదగా చెప్పిన సినిమా ఇంకొకటి ఉంటుందా అని నాకు అనుమానం.

స్వామి వేషం ఎన్.టి. రామారావుది. థియేటర్ల ముందర వేంకటేశ్వరుడి విగ్రహం పెట్టి పూజలు చేశారు, హుండీలు పెట్టారు. జనం టికెట్ కొని లోపలికి పోతూ ఆ హుండీలో కూడా వేసి పోయారు. మా అవ్వ చిత్తూరులో చూసిందట, చెప్పులు బయట విడిచి మరీ. తిరిగొచ్చేసరికి చెప్పులు లేవు. “సామి సినిమాకొచ్చి చెప్పులెత్తకపోయినాడే, వాడికి మోచ్చం ఉండాదా?” అని బతికున్నన్నాళ్ళూ తిట్టింది. సినిమా ఎట్లా ఉందవ్వా అంటే మాత్రం, “బాగుండింది, దండిగా చూసినాం సామిని” అనేది.

ఆ ‘దండిగా’ అన్న దానిలో ఈ మొత్తం వ్యవహారం ఉంది. కొండ మీద మనకి దక్కేది ఎంతసేపు? గంటలు గంటలు క్యూలో నిలబడి, బంగారు వాకిలి దాటి, దీపాల వెలుతురులో తల ఎత్తేసరికి ‘జరగండమ్మా, జరగండయ్యా’ అని భుజం మీద చెయ్యి పడుతుంది. కోరిక కూడా సగంలో ఆగిపోతుంది. అదీగాక, స్వామి కళ్ళని పెద్ద నామం కప్పి ఉంటుంది. గురువారం నాడు నగలు సడలించి, నామం తగ్గించి కట్టినప్పుడు ఆ కళ్ళు కనిపిస్తాయి, నేత్రదర్శనం అంటారు. గురువారం కొండెక్కే యోగం అందరికీ ఉండదు. సినిమాలో అట్లా కాదు. స్వామి కళ్ళు తెరిచే ఉన్నాడు. నవ్వాడు, అలిగాడు, పెళ్ళికి డబ్బుల్లేవని దిగులుపడ్డాడు. ఎవరూ జరగమనలేదు. దాదాపు మూడు గంటలు కూర్చుని చూడొచ్చు. కొండ మీద కనపడని కళ్ళ స్థానంలో ఒక తరం మనుషులు రామారావు కళ్ళు పెట్టుకున్నారంటే తప్పు వాళ్ళది కాదు. ఘంటసాల కూడా ఆ సినిమాలో స్వయంగా తెర మీద కూర్చుని స్వామి ముందు పాడతాడు. గాయకుడు గాయకుడిగానే కనిపిస్తాడు, కానీ ఆయన ముందున్న గుడి సెట్టు. నిజమూ నకలూ ఒకే ఫ్రేములో పక్కపక్కన కూర్చున్నాయి, చూసేవాడికి ఎక్కడా తేడా రాలేదు.

తిరుపతిలో ఈ దారి రైల్వేస్టేషనుకి కూతవేటులో మొదలవుతుంది. గోవిందరాజస్వామి గుడిలో పెరుమాళ్ళు పడుకుని ఉంటాడు. ఆయన తల కింద ఉన్నది కుంచం అని చెబుతారు. తమ్ముడు వేంకటేశ్వరుడి పెళ్ళికి కుబేరుడి దగ్గర తెచ్చిన అప్పు కొలిచీ కొలిచీ అలిసిపోయి, కొలిచిన కుంచాన్నే తలగడగా పెట్టుకుని నడుం వాల్చాడట. పెళ్ళి పెత్తనం నెత్తిన వేసుకున్న ఏ అన్ననైనా చూడండి, మూడో రోజు ఇట్లాగే పడుకుంటాడు. మా ఊళ్ళో అప్పు గురించి, పెళ్ళి ఖర్చు గురించి ఇంతకంటే బరువైన శిల్పం లేదు. గుడి బయట వీధిలో వడ్డీ వ్యాపారం, బంగారం కొట్లు దండిగా ఉండటం కాకతాళీయమే అనుకుందాం.

అక్కడి నుంచి పేరూరు బండ. వకుళమాత గుడి ఉన్న గుట్ట. కొడుకు కొండ కనబడేటట్టు తల్లి ఎదురుగా కూర్చుందని పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు గాని, చాలా ఏళ్ళు ఆ గుడి గోడలు కూలి, దేవత లేక, చుట్టూ క్వారీ తవ్వకాలతో గుట్టే కరిగిపోయే స్థితికి వచ్చింది. కోర్టుల దాకా పోయి కొట్లాడితే గుట్ట మిగిలింది. దేవస్థానం వాళ్ళు గుడిని బాగుచేసి 2022 జూన్‌లో మళ్ళీ ప్రతిష్ఠ చేశారు. ఇప్పుడు మెట్లున్నాయి, రంగులున్నాయి, గాలి బాగా కొడుతుంది. సినిమాలో కొడుకు పెళ్ళి కోసం కాళ్ళరిగేలా తిరిగిన తల్లికి నిజంగా ఒక గూడు దొరకడానికి సినిమా వచ్చాక కూడా అరవై ఏళ్ళు దాటింది. గుట్ట దిగి వస్తూ వెనక్కి చూస్తే ఒక పక్క కొండ ఇంకా కోసినట్టే ఉంది.

తిరుచానూరు గురించి ఎక్కువ చెప్పను, అది అందరికీ తెలిసిన చోటు. కార్తీక మాసంలో పంచమి తీర్థం నాడు పద్మసరోవరం చుట్టూ మనుషులు తప్ప నీళ్ళు కనపడవు. మామూలు రోజుల్లో పొద్దున్నే పోతే మెట్ల మీద కూర్చోవడానికి చోటుంటుంది.

ఇట్లా తిరుగుతుంటే ఒక ఆటో డ్రైవరు నన్ను టూరిస్టు అనుకున్నాడు. “సార్, పుష్ప సినిమా తీసిన అడివి చూపిస్తా, రండి” అన్నాడు. “యాడన్నా అది?” అంటే శేషాచలం వైపు చెయ్యి చూపించాడు. 2021 నాటి ఆ సినిమాలో మాట మాది, ఎర్రచందనం మాది, కొండల పేర్లు మావి. తీసింది మాత్రం ఎక్కువ భాగం మారేడుమిల్లి అడవుల్లో, గోదావరి అవతల. ఎర్రచందనం సహజంగా పెరిగేది మా శేషాచలం, పాలకొండ, వెలికొండ, నల్లమల చుట్టుపక్కలే. అది మొలవని అడవిలో దాని కథ నడిపారు. అంటే 1960లో ఏం జరిగిందో 2021లోనూ అదే జరిగింది. మా కథ తీసుకుంటారు, మా యాస తీసుకుంటారు, కెమెరా మాత్రం ఇంకెక్కడో పెట్టుకుంటారు. ఆటో అన్నతో వాదించలేదు. అతను తన ఊరి అడవిని తన ఊరికే రాసిచ్చుకున్నాడు, అందులో నాకు పోయేదేముంది?

పెళ్ళయ్యాక కొత్త జంట ఆరు నెలలు కొండెక్కకూడదని అగస్త్యుడు చెబితే శ్రీనివాసమంగాపురంలో కాపురం పెట్టారని స్థలపురాణం. తిరుపతికి పడమరగా 12 కిలోమీటర్లు. ఇంకాస్త ముందుకి పోతే చంద్రగిరి. కోటలో రాజమహల్ ఉంది, మ్యూజియం ఉంది, కోతులున్నాయి. సినిమా కథకి చంద్రగిరితో సంబంధం లేదు, కానీ సినిమా తీసిన ఊరికి ఉంది. 1639లో మద్రాసు ఇసుక తిన్నెలు ఇంగ్లీషు కంపెనీ చేతికి పోయినప్పుడు ఆ నేలంతా విజయనగరం చివరి రాజుల కింద ఉండేది. చంద్రగిరి, వేలూరుల నుంచి ఏలిన అరవీటి రాయలు వాళ్ళు. వాళ్ళ కింది నాయకుడు ఇచ్చిన చోటే మద్రాసు అయింది. ఆ మద్రాసే తరవాత తెలుగు సినిమాకి పుట్టిల్లయి, చంద్రగిరి పక్కన కాపురమున్న దేవుడి కథని చెక్కతో గుడ్డతో కట్టి మనకే తిరిగి చూపించింది. కోట గోడ మీద కూర్చుని ఈ లెక్క వేసుకుంటే సరదాగా ఉంటుంది.

ఈ సినిమా పేరు చెప్పుకుని చిత్తూరుకి పోకపోతే ఆ ఊరు ఒప్పుకోదు. బావాజీ వేషం నాగయ్యది. కొండ మీద స్వామితో పాచికలాడాడని చెప్పే హాథీరాం బావాజీ, ఉత్తరాది నుంచి వచ్చిన భక్తుడు. ఆయన పేరుతో ఉన్న మఠం మహంతులు 1843 నుంచి 1933 దాకా తిరుమల గుడి పెత్తనం చేశారు. నాగయ్య పుట్టింది గుంటూరు సీమలో, రేపల్లెలో. కానీ చిత్తూరులో రామవిలాస సభ నాటకాలతో పేరు రావడంతో ఆ ఊరు ఇంటిపేరులా అంటుకుపోయింది, జీవితాంతం చిత్తూరు నాగయ్యే. పోతన, త్యాగయ్య, వేమన అన్నీ ఆయనే అయ్యాక, బావాజీ కావడం పెద్ద విశేషమేమీ కాదు. నాకు నచ్చేది ఇంకొకటి. ఆ సినిమాలో మా జిల్లా పేరు మోసిన నటుడు మా జిల్లా దేవుడి ఎదురుగా, పరాయి దేశం నుంచి వచ్చిన భక్తుడిగా కూర్చున్నాడు. ఊరి పేరు అరువు తెచ్చుకున్నవాడికి పరాయివాడి వేషం బాగా కుదిరింది.

ఇక నారాయణవనం. తిరుపతి నుంచి రేణిగుంట, పుత్తూరు దాటి పోవాలి, దాదాపు 40 కిలోమీటర్లు. పుత్తూరులో ఎప్పుడూ బస్సు ఖాళీ అయి మళ్ళీ నిండుతుంది. దిగేవాళ్ళలో ఒకరిద్దరికి చెయ్యో కాలో వంగి ఉంటుంది. పుత్తూరు కట్టు కోసం వచ్చేవాళ్ళు. వెదురు బద్దలు, పసరు, గుడ్డ, వాటితో విరిగిన ఎముక అతుకుతుందని నమ్మి తమిళనాడు నుంచీ కర్ణాటక నుంచీ వస్తారు.

నారాయణవనంలో దిగగానే వినిపించేది గంట కాదు, మగ్గాల చప్పుడు. ఈ పుత్తూరు, నగరి, నారాయణవనం పట్టీ అంతా నేతగాళ్ళదే. సినిమాలో ఇది ఆకాశరాజు రాజధాని. గుమ్మడి ఆకాశరాజు. ఎత్తైన స్తంభాలు, జాలీ తెరలు, నిండుగా నగలేసుకున్న చెలికత్తెలు. నిజం ఊళ్ళో ఇరుకు వీధి, అరుగుల మీద నూలు కండెలు, ఒక ఇంటి ముందు రంగు కారుతున్న దారపు చిలపలు. వీధి చివర గోపురం. కళ్యాణ వేంకటేశ్వరుడి గుడి పెద్దదే, పద్మావతమ్మకి వేరే సన్నిధి ఉంది. లోపల ఒక పెద్ద తిరగలి చూపిస్తారు. పెళ్ళికి నలుగుపిండి విసిరింది దీంతోనే అని చెబుతారు. రాతి పళ్ళెం మీద రాతి పళ్ళెం, ఇద్దరు మనుషులు కలిసినా కదపలేని బరువు. అంచు నున్నగా ఉంది. పిండి విసిరి అరిగిందో, మొక్కుకునే చేతులు తగిలి అరిగిందో చూస్తే తెలియదు. నేను చూస్తుండగానే ఒకామె వచ్చి దాని మీద ఇంత పసుపు, ఇంత కుంకుమ పెట్టి, కూతురి జాతకం కాగితం ఒక్క క్షణం ఆ రాయికి ఆనించి, మళ్ళీ మడిచి బొడ్లో దోపుకుని పోయింది.

సినిమా వాళ్ళు పెళ్ళిని ఎంతో వైభవంగా తీశారు. కానీ పెళ్ళంటే పిండి విసరడం కూడా అని ఈ రాయి చెప్పినట్టు ఏ సెట్టూ చెప్పలేదు. సెట్టులో అందం ఉంటుంది, బరువుండదు. ఇక్కడ రాజుగారి కూతురి పెళ్ళికైనా ఎవరో ఆడవాళ్ళు తెల్లారగట్ట లేచి, ఈ బండని తిప్పాల్సి వచ్చిందని ఊరు గుర్తుపెట్టుకుంది.

గుడి బయట పూలమ్ముతున్న అవ్వ దగ్గర కూర్చున్నాను.

“యా వూరు నాయనా?”

“తిరప్తే అవ్వా.”

“తిరప్తి నించి ఈడికొచ్చినావా? అందరూ ఈడ్నించి ఆడికి పోతారే!”

“సినిమాలో చూసింటిని గదా, పెళ్ళి జరిగిన వూరు చూద్దామని.”

అవ్వ మూర పూలు కొలిచి తుంచింది. “ఆ సినిమా ఈడ్నే గదా తీసింది. సావిత్రమ్మ ఈ వీదిలోనే నడిచి పోయింది. మాయమ్మ చూసింది.”

“అట్లనా అవ్వా?”

“అట్లనా అంటే? పద్మావతమ్మ పుట్టిల్లు ఇదే అయినప్పుడు ఇంకేడ తీస్తారు?”

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఉన్నా చెప్పేవాణ్ణి కాదు. అవ్వ వాదన చాలా గట్టిది. పురాణం వినేవాడు ‘ఇది ఎక్కడ రాశారు’ అని అడగడు, ‘ఎక్కడ జరిగింది’ అనే అడుగుతాడు. వేంకటాచల మాహాత్మ్యాన్ని తెలుగులో రాసిన తరిగొండ వెంగమాంబది మా పాత చిత్తూరు జిల్లానే. ఆమె పుస్తకం ముందేసుకుని కూర్చున్నవాళ్ళెవరూ ఆమె ఏ అరుగు మీద కూర్చుని ఘంటం పట్టిందో వెతకలేదు. కథ ఎక్కడ జరిగిందో ఆ గుళ్ళకే పోయారు. సినిమాని కూడా మా పెద్దవాళ్ళు అట్లాగే చూశారు. సాల్జ్‌బర్గ్‌కి పోయేవాడికి కెమెరా నిలబడిన చోటు కావాలి. ఈ అవ్వకి పద్మావతి నిలబడిన చోటు చాలు, సావిత్రి ఆటోమేటిక్‌గా అక్కడికి వచ్చేస్తుంది. నాకు ఈ రెండో పద్ధతే ఎక్కువ తెలివైనదని అనిపిస్తుంది. మొదటిదానిలో సెట్టు పీకేస్తే చూడ్డానికేం మిగలదు.

పూలు కొనుక్కుని మళ్ళీ బస్సెక్కాను. నారాయణవనం దాటితే పిచ్చాటూరు, నాగలాపురం, సురుటుపల్లి. నాగలాపురంలో మత్స్యావతారం గుడి, ఏటా కొన్ని రోజులు ఎండ నేరుగా గర్భగుడిలోకి పోయి మూలవిరాట్టు మీద పడుతుంది. సురుటుపల్లిలో శివుడు పార్వతి ఒళ్ళో తల పెట్టి పడుకుని ఉంటాడు, విషం తాగిన అలసట. తిరుపతిలో గోవిందరాజులు అప్పు కొలిచి పడుకుంటే, ఇక్కడ శివుడు విషం మింగి పడుకున్నాడు. దారి పొడుగునా దేవుళ్ళకి విశ్రాంతి అవసరమైన నేల ఇది. బస్సులో మాట ఊరూరికీ తమిళం వైపు జరుగుతూ ఉంటుంది. ఎక్కేటప్పుడు ‘జరుగు సామీ’ అన్న మనిషే దిగేటప్పుడు కండక్టరుతో అరవంలో తగాదా పడతాడు.

ఊత్తుకోట దగ్గర రాష్ట్రం మారుతుంది. ఈ సరిహద్దు కూడా మా సినిమా అంత వయసుదే. ఆంధ్ర, మద్రాసు రాష్ట్రాల సరిహద్దు మీద పటాస్కర్ ఇచ్చిన తీర్పు ప్రకారం చేసిన మార్పులు 1960 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చాయి. చిత్తూరు జిల్లాలో ఉండిన తిరుత్తణి అటు పోయింది, సత్యవేడు వైపు కొన్ని ఊళ్ళు ఇటు వచ్చాయి. జనవరిలో విడుదలైన సినిమా ఇంకా హాళ్ళలో ఆడుతుండగానే తిరుత్తణి మురుగన్ మద్రాసు రాష్ట్రం దేవుడైపోయాడు. తిరుపతి మాత్రం మనకే ఉంది, 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడే ఆ గొడవ తేలిపోయింది. కొండ మనది, కొండ సినిమా తీసే ఊరు వాళ్ళది, అట్లా చాలాకాలం సాగింది.

ఆ రోజుల్లో ఈ దారిలో వింత రాకపోకలు ఉండేవి. కోస్తా నుంచి, తెలంగాణ నుంచి యాత్రా బస్సులు తిరుపతి వచ్చేవి. దర్శనం, గుండు, లడ్డూ అయ్యాక అదే బస్సు నేరుగా మద్రాసు పోయేది. బీచి, జూ, స్టూడియోలు, ఆ తరవాత టి. నగర్ బజుల్లా రోడ్డులో రామారావు ఇల్లు. గంధం పూసిన గుండ్లతో, పసుపు బట్టలతో, ఇంకా తిరుపతి దుమ్ము కాళ్ళ మీద ఉండగానే జనం ఆ ఇంటి ముందు నిలబడితే, ఆయన బయటికి వచ్చి దండం పెట్టేవాడు. వేంకటేశ్వరుణ్ణి చూశాం, రామారావుని చూశాం, ఇక ఇంటికి పోవచ్చు. నేను చేస్తున్న టూరు నా సొంత ఆలోచన అనుకోవడానికి లేదు. మా ముందటి తరం దీన్ని యాత్ర అని పేరు పెట్టుకుని, ఊరంతా కలిసి, పులిహోర పొట్లాలతో చేసేసింది. గైడు లేడు, బోర్డు లేదు. కొండ దగ్గర మొదలెట్టి, కొండ దేవుడి వేషం వేసిన మనిషి గుమ్మం దగ్గర ఆపడం వాళ్ళకి ఎవరూ నేర్పలేదు.

ఆ గుమ్మం ముందు నిలబడ్డ మనుషుల లెక్క ఎవరైనా ముందే సరిగ్గా వేసి ఉంటే, 1983 ఎన్నికల్లో జరిగింది చూసి అంత ఆశ్చర్యపోయేవాళ్ళు కాదు. ఆ ఎన్నికల్లో రామారావు నిలబడి గెలిచిన సీట్లలో తిరుపతి ఒకటి. ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసింది జనవరి 9న, సినిమా విడుదలైన తేదీనే. జ్యోతిషం మీద నాకు పెద్ద నమ్మకం లేదు గాని, క్యాలెండరు కూడా అప్పుడప్పుడు స్క్రిప్టు చదువుతుందేమో.

బజుల్లా రోడ్డులో ఇప్పుడు ఆగి చూసేవాళ్ళు తక్కువ. పక్కనే పాండీ బజారు, బట్టల కొట్లకి వచ్చే కార్లు నిలుపుకోవడానికి చోటు వెతుక్కుంటూ తిరుగుతుంటాయి. ఒక నడివయసు తెలుగాయన, భార్యతో, చేతిలో పట్టుచీరల సంచీలతో, గేటు వైపు చూసి “ఇదేనే” అన్నాడు. ఆవిడ “ఊ, పద, ఎండ” అంది.

అక్కడి నుంచి వడపళని. ఆ కాలపు తెలుగు సినిమాకి పెద్దదిక్కు వాహినీ స్టూడియో ఇక్కడే ఉండేది. బి.ఎన్. రెడ్డి మొదలుపెట్టింది, తమ్ముడు నాగిరెడ్డి చేతిలో విజయా వాహినీగా పెరిగింది. ఇద్దరూ కడప జిల్లా వాళ్ళు. ‘మాయాబజార్’ సెట్లు ఇక్కడే లేచాయి, ఇక్కడే పడ్డాయి. ఒక ఫ్లోరులో దేవలోకం ఉంటే పక్క ఫ్లోరులో పల్లెటూరు ఉండేది, మధ్యాహ్నం రెండు ఊళ్ళవాళ్ళూ ఒకే క్యాంటీన్‌లో భోంచేసేవాళ్ళు. సినిమాలు హైదరాబాదుకి తరలిపోయాక ఫ్లోర్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఆ ఆవరణలో 1972లోనే విజయా ఆసుపత్రి వచ్చింది, తరవాత కళ్యాణమండపం, హోటలు, 2013లో పెద్ద మాల్. దేవలోకాలు కట్టిన చోట ఇప్పుడు బట్టల బ్రాండ్లు, పిజ్జా కొట్లు, ఎస్కలేటర్లు. మాల్‌లో మల్టీప్లెక్స్ కూడా ఉంది. సినిమా తీసిన నేల మీదే సినిమా ఆడుతుందన్నమాట, ఎక్కడో తీసింది.

నేను పైకీ కిందికీ ఒకసారి తిరిగాను. ఆనవాళ్ళ కోసం వెతకడానికి ఇక్కడ ఏమీ లేదు, చల్లటి గాలి, వెలుతురు, పరిమళాల కొట్టు వాసన. రామనగరలో కనీసం బండలున్నాయి. మా సినిమాకి ఈ చివర బండ కూడా లేదు. ఆ చివర మాత్రం అన్నీ పెరుగుతున్నాయి. పేరూరులో కూలిన గుడి లేచింది, మంగాపురం దారిలో క్యూలైన్లు వచ్చాయి, నారాయణవనంలో తిరగలి మీద పసుపు మందం పెరుగుతూ ఉంది. కట్టుకథ అనుకున్న చోటు రాయిగా నిలిచింది, కట్టింది మాత్రం ఆసుపత్రి వార్డూ షాపింగ్ కాంప్లెక్సూ అయింది. ఒక విషయంలో మాల్‌ని మెచ్చుకోవాలి. మొదటి అంతస్తులో ఒక చీరల కొట్టు ముందు పెళ్ళి సీజను కోసం చిన్న మండపం కట్టారు. థర్మాకోలు స్తంభాలు, ప్లాస్టిక్ మామిడాకులు, గులాబీ రంగు లైటు. ఒక కుర్రాడు నిచ్చెన ఎక్కి స్తంభానికి బంగారు రంగు కొడుతూ, కింద ఉన్నవాణ్ణి “కెమెరాకి కనపడే వైపే కొట్టాలా, వెనక కూడానా?” అని అరవంలో అడిగాడు. “ముందు వైపే చాలు” అన్నాడు వాడు.

ఆంధ్రా బస్సులు ఇప్పుడు మాధవరం నుంచి కదులుతాయి. తిరుపతి బండ్లు రెండు దారుల్లో పోతాయి కాబట్టి ఎక్కే ముందు కండక్టర్ని అడగాలి. తిరుత్తణి, నగరి మీదుగా పోయేదానిలో ఎక్కితే పెళ్ళివారి ఊరు తగలదు. ఊత్తుకోట బండి అడిగి ఎక్కండి, కుడి పక్క సీటు దొరికితే ఇంకా మంచిది. గురువారం తెల్లారేసరికి కొండ మీద ఉండాలనుకుంటే బుధవారం మధ్యాహ్నం బండే పట్టుకోవాలి, నారాయణవనంలో దిగి చూసుకుని మళ్ళీ ఎక్కడానికి టైము సరిపోతుంది.